అవ్వ ముట్టని పసుపుకుంకుమ

నామకరణానికి పిలిస్తే వెళ్ళామా, మా వైపు ఓళిగలనే బొబ్బట్లు తిన్నామా, పాప చేతిలో నోటు పెట్టి వచ్చామా అన్నట్టుండాలి. నాకు ఆ బుద్ధి ఏనాడూ లేదు. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ ముత్తాతల దాకా తవ్వితే గాని చెయ్యి కడుక్కోను. "రాసేవాళ్ళను వెంట తీసుకుపోతే ఇదే తంటా" అని మా అబ్బాయి విసుక్కుంటాడు. వాడికి తారానగర్‌లో లారీలు తిప్పే గాదిలింగప్ప అని ఒక స్నేహితుడున్నాడు. అతని మనవరాలికి పేరు పెడుతున్నారంటే బళ్ళారి నుంచి మేమిద్దరం వెళ్ళాం. ఇల్లు కొత్తగా కట్టారు. ఎంత కొత్తదైతేనేం, గనుల ఎర్రదుమ్ము కిటికీ చువ్వల మీద, తులసి కుండీ మీద, చివరికి పెరుగు గిన్నె మూత మీద కూడా పేరుకుని ఉంది. నేను అలవాటుగా ఉయ్యాల కోసం చూశాను. ఎక్కడా కట్టలేదు. అంతలో గాదిలింగప్ప భార్య కొత్త చేటలో జొన్నలు పోసి, వాటి మీద మెత్తటి గుడ్డ పరిచి, పాపను పడుకోబెట్టి తీసుకొచ్చింది. లారీ షెడ్డులోంచి ఇద్దరు మగవాళ్ళు ఒక పాత ఎద్దుల కాడిని మోసుకొచ్చి గడప దగ్గర ఎత్తి పట్టుకున్నారు. ఆమె ఆ కాడి కింద నుంచి పాపను మూడుసార్లు దాటించింది. నేను తింటున్న ఓళిగ పక్కన పెట్టేసి ఆ కాడినే చూశాను.

ఎందుకంటే అది మా ఇంటి ఆచారం. ఉయ్యాల కట్టని ఇళ్ళు మా వైపు చాలానే ఉన్నాయి. చేటలో పడుకోబెట్టే ఇళ్ళూ ఉన్నాయి. కాని పేరు పెట్టే రోజు పసిబిడ్డను కాడి కింద నుంచి దాటించే ఇల్లు తెక్కలకోటలో మాది తప్ప మరొకటి నేను చూడలేదు, వినలేదు. ఎప్పుడో మా పెద్దల కాలంలో ఉయ్యాల తాడు తెగి ఒక బిడ్డ పోయిందట. తర్వాత పుట్టిన బిడ్డను భయపడి ఎద్దుల కొట్టంలో కాడి కింద దాస్తే నూరేళ్ళు బతికిందట. అప్పటినుంచి ఉయ్యాల మానేశాం, కాడిని పట్టుకున్నాం. ఆ కాడి ఎద్దులు లేని ఇంట్లో, లారీల షెడ్డులో ఎందుకు వేలాడుతోంది?

"ఏమప్పా గాదిలింగా, మీరు సేద్యం చేసేవాళ్ళు కాదు కదా, ఈ కాడి యాడిది?" అని అడిగాను.

"మా అవ్వ కాలం నుంచి ఉండాదక్కా. పిల్లలు పుట్టినప్పుడు దించుతాం, మళ్ళా ఎక్కిస్తాం. లేకపోతే ఆమె పైనుంచి తిడుతుంది" అని నవ్వాడు.

"మీ అవ్వది యా ఊరు?"

"ఎవరికి తెలుసు? కుమారమ్మ అని పేరు. అడిగితే నాకు పుట్టిల్లు లేదు పోరా అంటాండె. చోరనూరులో మా అత్త ఉండాది, అవ్వ పెద్దకూతురు. ఆమెకేమన్నా తెలిసుంటే తెలిసుండాల."

ఆ రాత్రి బళ్ళారికి తిరిగొచ్చేటప్పుడు మా అబ్బాయి ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు గాని నేను వినలేదు. నా మనసంతా తెక్కలకోటలో, మా అవ్వ రొట్టెల పొయ్యి దగ్గర ఉంది.

మా పాత ఇంట్లో రెండు పొయ్యిలుండేవి. అన్నం పొయ్యి మా అమ్మది. రొట్టెల పొయ్యి అవ్వది. అవ్వంటే మా నాయన తల్లి నాగమ్మ. తెల్లవారుతూనే ఆమె జొన్నపిండి ముద్దను పలక మీద తట్టే చప్పుడుకే మేము లేచేవాళ్ళం. కాలే జొన్నరొట్టె వాసన, పక్కనే దంచుతున్న గురెళ్ళ (వెర్రినువ్వుల) పొడి వాసన, దొడ్లో బర్రెలకు నానేసిన పత్తిగింజల వాసన, ఈ మూడూ కలిస్తేనే నా చిన్నతనం. మొదటి రొట్టె ఆవుకు, రెండోది పిల్లల్లో ఎవరు ముందు పళ్ళు తోముకుంటే వాళ్ళకు. నేను పళ్ళు తోముకున్నట్టు నటించి రెండో రొట్టె కొట్టేసేదాన్ని. అవ్వకు తెలుసు. తెలిసీ ఏమీ అనేది కాదు. ఆమె గొంతు పెదవి దాటి పెద్దగా వచ్చేదే కాదు. వడియాల మీదికి కోళ్ళు వచ్చినా ‘ఉష్’ అని అరవకుండా లేచి వెళ్ళి చేత్తో తోలేది. తాత కోపిష్టి. ఆయన వాకిట్లో కేకలేస్తుంటే లోపల ఆమె అంత నెమ్మదిగా రొట్టె తట్టేది. తల దువ్వేటప్పుడు చిక్కు తగిలితే నాకంటే ముందు ఆమే "అబ్బా" అనేది. అంత మెత్తటి మనిషిని మా వంశం వాళ్ళంతా కలిసి గయ్యాళి అన్నారు. గయ్యాళి అంటే ఫరవాలేదు, హంతకురాలన్నంత పని చేశారు.

ఆ కథ మా ఇంట్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మా తాతకు అందరికంటే చిన్న చెల్లెలు హంపమ్మ. మేమెవరం పుట్టకముందే పోయింది. పెళ్ళీడు వచ్చీ రాని పిల్ల. మా అవ్వ అప్పటికి చిన్న కోడలు, చంకలో మా నాయన. ఒక పొద్దున వదినా ఆడబిడ్డలకు ఏదో మాటామాటా వచ్చింది. అవ్వ వీధి వాకిట్లో నిలబడి ఊరంతా వినేటట్టు అరిచింది: "పో, పోయి ఏట్లో పడు!" అని. ఆ తిట్టు మా వైపు ఆడవాళ్ళకు పొద్దున లేస్తే నోట్లో ఉండేదే. కాని ఆ రోజు ఆ పిల్ల బట్టల మూట తీసుకుని హగరి ఏటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఏట్లో కొత్తనీళ్ళు పారుతున్నాయి. ఉతికిన బట్టలు బండ మీద ఉన్నాయి, పిల్ల లేదు. శవం కూడా దొరకలేదు. కొన్నాళ్ళకు మా పెద్దతాత ఇంట్లో ఎవరికో జ్వరమొస్తే, హంపమ్మ కలలో కనబడి చీర అడిగిందన్నారు. కన్నెపిల్ల గంగలో కలిస్తే ఇంటికి పేరంటాలవుతుందని మావాళ్ళ నమ్మకం. అట్లా హంపమ్మ మా ఇంటి దేవత అయింది. మా వంశంలో ఏ పెళ్ళి జరిగినా ముందురోజు పెద్దతాత వాళ్ళింట్లో ఆమెకు పసుపుకుంకుమ పెట్టి, గాజులు, ఓళిగలు, చీర పెట్టాలి. ఆ చీరనే పెళ్ళికూతురు కట్టుకోవాలి. నేనూ కట్టుకున్నాను.

ఆ పూజ జరిగే రోజు అవ్వ దొడ్లోకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి కూర్చుని చింతపండు గింజలు తీసేది. ఎవరూ పొమ్మన్నట్టు నేను చూడలేదు. ఆమే వెళ్ళేది. పసుపు ముట్టేది కాదు. తన పిల్లల్ని కూడా ముట్టనిచ్చేది కాదు. మేము ఓళిగ పట్టుకుపోతే "నాకొద్దు తల్లీ, నువ్వు తిను" అనేది, నేను రెండు మాటల్లేకుండా తినేదాన్ని. పెద్దతాత వాళ్ళ పెద్దింటి ఆడవాళ్ళు మూతి తిప్పేవాళ్ళు: "చేసిన పాపం చెయ్యి ఆడనిస్తుందా?" అని. ఏళ్ళు గడిచే కొద్దీ అదే రివాజైంది. నాగమ్మ సంతానం పేరంటాలి పసుపు ముట్టకూడదు, పూజ వేళ గడప అవతలే నిలబడాలి. తాత కంటే ముందు, ముత్తైదువగానే అవ్వ పోయింది. పోయినప్పుడు కూడా పెద్దింటి ఆడవాళ్ళు "హంపమ్మ పిలిపించుకుంది" అన్నారే గాని పుణ్యస్త్రీ అని ఒక్కరి నోటి నుంచీ రాలేదు.

ఈ మాటలన్నీ మా అందరికంటే ఎక్కువ మోసింది మా మేనత్త ఈరమ్మ. అవ్వకు ఒక్కతే కూతురు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి మా తమ్ముడి దగ్గరే ఉంటోంది. అవ్వకు లేని నోరంతా దేవుడు ఈమెకే ఇచ్చాడు. తొలికాన్పుకు పుట్టింటికి పంపకుండా ఈమెను అత్తగారింట్లోనే ఉంచుకుంటే, అవ్వ బాలింత మందు చేసుకుని బస్సెక్కి వెళితే, "ఆ చెయ్యి నా మనవడికి తగలనీకు" అని అత్తగారు వాకిట్లోనే ఆపేసిందట. మందు గిన్నె అరుగు మీద పెట్టి అవ్వ వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేసింది. ఈ సంగతి ఈరమ్మత్త ఎన్నిసార్లు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతుంది. ఈ మధ్య మా తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. వెంటనే పెద్దతాత మనవడు పంపాపతన్న వచ్చి, కాఫీ తాగి, "ఈరమ్మత్తా, ఆచారం నీకు తెలిసిందే కదా, పసుపు పనులు మా ఇంట్లోవాళ్ళు చూసుకుంటారులే" అని చెప్పి పోయాడు. ఆ రోజే అత్త నాకు ఫోన్ చేసింది.

"ఒమే, నువ్వు ఊర్లోవాళ్ళ కతలన్నీ రాస్తావు. మాయమ్మ కత ఒక్కటి తేల్చు. ఆ పిల్ల సావుకు మాయమ్మే కారణమైతే అయిందని చెప్పు, నేను ఏడ్చి ఊరకుంటా. కాకపోతే కాదని ఈ ఊరు ఇనేటట్ల చెప్పు. తేలకుండా నన్ను పంపద్దు."

తేల్చడమంటే మాటలా? ఆ కాలంలో ఆడపిల్లల పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి గనక? నేను పట్టుకోగలిగింది ఆచారాల్నే. తారానగర్‌లో కాడిని చూసిన తర్వాత మూడు తాలూకాలు తిరిగాను. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా ఒకటే ప్రశ్న: మీ ఇంట్లో పసిబిడ్డను కాడి కింద దాటిస్తారా? కొందరు నాకు మతి పోయిందనుకున్నారు. ఒకామె "కాడి కింద కాదు గాని, పోస్టాఫీసులో పాప పేరు మీద ఖాతా తెరుస్తాం" అంది. దాటించే ఇల్లు ఒక్కటీ దొరకలేదు. మా వంశంలోంచి ఎవరైనా సండూరు వైపు వలస పోయారా అని పంపాపతన్నను అడిగితే, "మనోళ్ళు ఆ దుమ్ములోకి ఎందుకు పోతారమ్మా? ఊరికే ఎందుకు తవ్వుతావు? నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాడు. ఆ సామెత నా చెవిన పడగానే నాకు పట్టుదల వచ్చేసింది. గాదిలింగప్పను బయల్దేరదీసి చోరనూరుకు పోయాను.

వానలు పడి కొండలు పచ్చగా ఉన్నాయి. చోరనూరులో అతని అత్త వసారాలో కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. ఈరమ్మత్త ఈడు మనిషి. పెద్ద ముక్కుపుడక, నోట్లో ఆకు. గాదిలింగప్ప నన్ను పరిచయం చేసి, లారీ వాళ్ళెవరో ఫోన్ చేస్తే బయటికి వెళ్ళాడు.

"యా ఊరమ్మా?" అంది పెద్దామె చేతిలో పని ఆపకుండానే.

"తెక్కలకోట."

ఆమె చెయ్యి ఆగింది. ఎవరి ఇంటివాళ్ళని అడిగింది. చెప్పాను. లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, నేను తాగిందాకా నిలబడి చూసి, మళ్ళీ కూర్చుంది.

"మీ ఇంట్లో నాగమ్మ అని ఒకామె ఉండాల."

"మాయవ్వ. పోయి శానా ఏండ్లాయ."

"ఎట్లుండె ఆమె?"

ఏం చెప్పాలి? వంశమంతా చెప్పే కథ చెప్పనా, నేను చూసింది చెప్పనా? చూసిందే చెప్పాను. రొట్టెల సంగతి, కోళ్ళను కూడా గదమాయించని సంగతి, తల దువ్వేటప్పుడు తనే "అబ్బా" అనే సంగతి చెప్పి, చివరికి ఆగలేక అనేశాను: "మా ఇంటి పేరంటాలికి పూజ చేసే దినం మాత్రం పసుపు ముట్టేది కాదు పెద్దమ్మా. దొడ్లో పోయి కూర్చునేది. ఓళిగ కూడా తినేది కాదు."

ఆమె తొడ మీద చరుచుకుని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఎట్ల ముట్టుకుంటాదమ్మా? బతికుండేదానికి, సచ్చినోళ్ళకు పెట్టినట్ల పసుపుకుంకుమ పెడితే ఆయుస్సు తగ్గదా? మాయమ్మ ఈడ మమ్మల్ని సాకుతాంటే, ఆడ ఆ తల్లి మాయమ్మకు ఎట్ల పెడతాది?"

"మీయమ్మ..." అన్నాను.

"హంపమ్మ. ఈ కొండల్లోకి వచ్చినాక కుమారమ్మ అని పెట్టుకునింది. నాకు చెప్పిపోయింది, ఆ ఊరోళ్ళు ఎవరన్నా వస్తే ముందు మా వదిన ఎట్లుండె అని అడుగు. మంచి చెప్తే కూసోబెట్టు, చెడ్డ చెప్తే నీళ్ళిచ్చి పంపు అని."

"మరి నీళ్ళు ముందే ఇచ్చినావు కదా?"

"ఎట్లన్నా పనికొస్తాయని ఇచ్చినా" అని మళ్ళీ నవ్వింది.

"నీ పేరేంది పెద్దమ్మా?"

"ఇంగేంది? నాగమ్మే."

అక్కడ నాకు దుఃఖం ఆగలేదు. మా అవ్వ పోయాక మా వంశంలో ఏ ఆడపిల్లకూ ఆ పేరు పెట్టలేదు, చెడ్డ పేరని. ఇక్కడ హంపమ్మ తన మొదటి కూతురికి నాగమ్మ అని పెట్టుకుంది. ఈమె మనవరాళ్ళలో నాగవేణి ఉంది, నాగరత్న ఉంది, గాదిలింగప్ప తమ్ముడు నాగరాజు. మేము తుడిచేసిన పేరు చోరనూరులో, తారానగర్‌లో ఇంటింటా పెరిగి పెద్దదైంది.

అసలు జరిగింది పెద్దమ్మ చెప్పింది. హంపమ్మను ఇద్దరు పెళ్ళాలు పోయిన మేనమామకు ఇవ్వాలని నిశ్చయం చేశారట. అతని కూతుళ్ళు హంపమ్మ కంటే పెద్దవాళ్ళు. పిల్ల నూతి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే చూసింది వదిన ఒక్కతే. ఆ రోజుల్లో రాళ్ళు కొట్టే కుటుంబాలు హగరి ఒడ్డున గుడారాలు వేసుకుని ఉండేవి. సండూరు కొండల్లో గని పనికి బండ్లు కట్టుకుని పోతున్నాయి. వాళ్ళల్లో ఒకామె రోజూ మా ఇంటికి మజ్జిగకు వచ్చేది. అవ్వ ఆమెతో మాట్లాడి, తన వెండి కడియాలు తీసి పిల్ల కాళ్ళకు తొడిగి, బండి ఎక్కించే ఏర్పాటు చేసింది. బట్టలు బండ మీద పెట్టి పొమ్మని చెప్పింది కూడా ఆమే.

"పిల్ల పారిపోయిందంటే గుర్రాలేసుకుని ఎతుకుతారు. ఏట్లో పడిందంటే ఏడ్చి ఊరకుంటారు. అందుకని ఎప్పుడూ గొంతెత్తనామె వాకిట్లో నిలబడి అరిచిందంట, పో, ఏట్లో పడు అని. ఊరంతా ఇనాల కదా? అరిచి లోపలికి పోయి, తలుపు ఎనక మాయమ్మ కాళ్ళు పట్టుకునిందంట, ఉత్తుత్తిదైనా తిట్టినాను, మనసులో పెట్టుకోకు తల్లీ అని."

పిడుగులాంటి మనిషినని పేరున్న నేను ఆ వసారాలో చెనక్కాయ పొట్టు మధ్య కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. అవ్వ తలుచుకుంటే ఒక్క మాటతో తన మీది నింద దులిపేసుకునేది. ఆ మాట అననే లేదు. ఎందుకని అడిగితే దానికీ పెద్దమ్మ దగ్గర జవాబుంది. హంపమ్మ ఆ రాళ్ళు కొట్టే వాళ్ళబ్బాయినే చేసుకుంది. ఏళ్ళ తర్వాత, మేనమామ చచ్చాడని విని, పత్తి తీసే కూలీలతో కలిసి తెక్కలకోటకు వచ్చింది. సరిగ్గా మా ఈరమ్మత్త పెళ్ళి రోజు అది. తనకు పెట్టి పెళ్ళికూతురికి కట్టిన చీర, ముందురోజు తనకు కొట్టిన కొబ్బరికాయ కళ్ళారా చూసుకుని కూలీల పంక్తిలో కూర్చుంది. అవ్వ ఓళిగలు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె ముందుకు వచ్చి గుర్తుపట్టింది. పంక్తి లేచాక ఇద్దరూ గొడ్ల కొట్టం వెనక్కి పోయి మాట్లాడుకున్నారట. ఇప్పుడే బయటపడి నీ మీది నింద తీసేస్తానని హంపమ్మ అంటే, అవ్వ ఒప్పుకోలేదు.

"కులం కానోడిని కట్టుకున్నావని తెలిస్తే నా కూతురి పెండ్లి ఇప్పుడే ఆగిపోతాది అనిందంట. దేవతవని చీర పెడతాండారు, ఆడబిడ్డనని వస్తే చేతికి కట్టె తీసుకుంటారు. పో, పోయి బతుకు. ఎవరేమన్నా నేను మాత్రం నీకు పసుపు పెట్టను, నా పిల్లల్ని పెట్టనియ్యను అనిందంట."

ఇది ఫోన్‌లో చెప్పే సంగతా? మరునాడే నాగమ్మ పెద్దమ్మను కారెక్కించుకుని తెక్కలకోటకు తీసుకొచ్చాను. ఈరమ్మత్త పడసాలలో మంచం మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ ఆమె పక్కనే కూర్చుని, నాకు చెప్పినట్టే మొదటి నుంచి చెప్పింది. మధ్యలో మాట అడ్డం వేయకుండా మా అత్త ఏదైనా వినడం నేను చూసింది ఆ ఒక్కసారే. పెళ్ళిరోజు మాట వచ్చేసరికి ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"గొడ్ల కొట్టం ఎనకనా?"

"హౌదు, గొడ్ల కొట్టం ఎనకనే."

"మాయమ్మ ఆ దినం ఆ పక్క నుంచి నవ్వుకుంటా వచ్చింది. అంత నవ్వు నేనెప్పుడూ సూడల్యా. నన్ను వదిలించుకున్న్యానని నవ్వుతాండాదనుకున్న్యా. అత్తగారింట్లో ఏ కష్టమొచ్చినా ఆ నవ్వే గుర్తొచ్చి, మాయమ్మను ఎన్ని తిట్లు తిట్టుకున్న్యానో ఆ దేవుడికే ఎరుక." అత్త పెద్దమ్మ భుజం మీద తల ఆన్చి గట్టిగా ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ముక్కు చీది, మా తమ్ముణ్ణి కేకేసింది: "పోరా, ఆ పంపాపతిని పిలుచుకొని రా. కాళ్ళు చేతులు కట్టేసైనా తీసుకొని రా!"

పంపాపతన్న వచ్చాడు, విన్నాడు, నమ్మలేదు. పెద్దమ్మ తన సంచిలోంచి వెండి కడియాలు తీసి అతని ముందు పెట్టినా, "ఇట్లాంటివి ఎవరి ఇంట్లోనైనా ఉంటాయి" అన్నాడు. కాడి సంగతి నేను చెప్పేసరికి మాత్రం అతని మొహం మారింది. పేర్లు మార్చుకోవచ్చు, నగలు కొనుక్కోవచ్చు, మా ఇంటి కాడి ఆచారం మాత్రం బజార్లో దొరకదని అతనికీ తెలుసు. అయినా ఊరుకుంటే పంపాపతన్న ఎట్లా అవుతాడు?

"ఇన్ని తరాలు మొక్కినాం కదత్తా! ఆ మొక్కులన్నీ యాడికి పోయినట్ల? మా కోడలికి పిల్లల్నిచ్చింది ఆ పేరంటాలే కదా?"

"ఇచ్చింది కదరా? ఇచ్చినంక వాపసు తీసుకునిందా?" అంది అత్త. "మీరు ఈడ టెంకాయ కొడతాంటే ఆయమ్మ ఆడ బిడ్డల్ని కని, మనవళ్ళను ఎత్తి, నిండా బతికింది. ఇంగ చీర ఆమెకు కాదు. ముత్తైదువగా పోయి, మీ చేత ఒక్క పువ్వు పెట్టించుకోనామెకు. ఈసారి మాయమ్మకు పెడతాండాం. మొగుడు లేని చెయ్యైనా సరే, పసుపు నా చేత్తో నేను పెడతా. అడ్డమొచ్చేవాడు ఇప్పుడే రాండప్పా, సూస్తా!"

పంపాపతన్న ఏదో అనబోయాడు. అతని వెనకే వచ్చిన అతని భార్య "సుమ్మనుండయ్యా, ఊరుకో, ఇన్నాళ్ళూ మీరు చెప్పింది చేసినాం కదా" అని అతని చొక్కా పట్టి లాగింది. ఆ మనిషి జీవితంలో మొదటిసారి మా వాకిట్లో కాఫీ తాగకుండా లేచి పోయాడు.

ఇదంతా రాస్తుంటే నాకు కొన్నిసార్లు నవ్వు, కొన్నిసార్లు కోపం వస్తోంది. మా తమ్ముడి కూతురు పెళ్ళికొడుకును తనే వెతుక్కుని, బళ్ళారిలో మా ఇంటికి తీసుకొచ్చి, "పెద్దత్తా, ఇతనే" అని చూపించింది. అంతకుముందు వాళ్ళ నాయన తెచ్చిన సంబంధాన్ని దోసె తింటూ "నాకు వద్దు నాయనా" అంది, ఇంకో దోసె అడిగింది. ఇంట్లో కాసేపు అరుపులయ్యాయి, తర్వాత సర్దుకున్నాయి. అదే మాట అనడానికి హంపమ్మకు నోరు లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్ల బతకాలంటే ముందు చావాల్సి వచ్చింది. ఆమె చావును తన నెత్తిన మోయడానికి ఇంకో ఆడమనిషి కావాల్సి వచ్చింది. ఆ కాలపు రొట్టెల వాసన కావాలని నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ కాలం మాత్రం వద్దు. మా తమ్ముడి కూతురి చేతిలో ఆ రెండో దోసె చూస్తే చాలు, నా కడుపు నిండిపోతుంది.

పెళ్ళి ముందురోజు తారానగర్, చోరనూరు జనమంతా రెండు లారీల్లో దిగారు. వీధి సగం ఆ లారీలకే సరిపోయింది. పూజ పెద్దింట్లోనే పెట్టాలని పంపాపతన్నే కబురు పంపాడు. ఆ కాడి సంగతే అతని నిద్ర పాడు చేసిందని అతని భార్య తర్వాత చెప్పింది. ఓళిగలు చేయడంలో తన తర్వాతే ఎవరైనా అని చెప్పుకునే నాగమ్మ పెద్దమ్మ పొద్దుటి నుంచి ఆ వంటింటిని ఆక్రమించుకుంది. పేరంటాలికి చీర పెట్టేటప్పుడు ఒక పద్ధతుంది. ఇంటి ఆడబిడ్డ పళ్ళెంలో చీర పట్టుకుని గడప మీద నిలబడి, పోయినామెను పేరు పెట్టి పిలవాలి, వచ్చి నీ చీర తీసుకో అని. ఈరమ్మత్తకు ఆ గడప ఎక్కడం అదే మొదలు. పసుపు తన చేత్తో పెట్టింది. కుంకుమ పెట్టింది. పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"నాగమ్మా!" అని పిలిచింది.

"ఆఁ, వస్తాండా!" అని వంటింట్లోంచి పెద్దమ్మ పలికింది. పిండి చేతులతో గబగబా వచ్చి, పళ్ళెం చూసి, అందరి మొహాలూ చూసి అదిరిపడింది. "అయ్యో! నాకు పెడతారేమే? నేను బతికే ఉండా!"

ఇల్లు ఇల్లంతా నవ్వింది. పెళ్ళికూతురు నవ్వింది, లారీ డ్రైవర్లు నవ్వారు, అత్తకు నవ్వుతోపాటు కన్నీళ్ళు ఆగలేదు. పెద్దమ్మను దగ్గరికి లాక్కుని, "ఉండు తల్లీ, నువ్వు నూరేండ్లుండు. నేను మాయమ్మను పిలుస్తాండా" అంది. ఆ నవ్వుల మధ్య రెండోసారి పిలిచిన పిలుపు ఆమె పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

వాకిట్లో నిలబడి ఉన్న పంపాపతన్న భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇంగా గట్టిగా పిలువత్తా" అన్నాడు. "ఈ ఇంట్లో ఆ పేరు పలికి శానా కాలమాయ."

అత్త పిలిచింది.